ఒక్క ఊపిరి సేపు

ఫిబ్రవరి 9

పిట్టకి,

మీ పెదనాన్న రాస్తున్నాడు. ఉత్తరం అందింది. పళ్ల డాక్టరమ్మ దగ్గర పని బాగానే ఉందని రాశావు, మంచిది. రోజంతా జనం నోళ్లలోకి తొంగిచూసే ఉద్యోగం నాకైతే వద్దు గానీ, నీకు నచ్చితే చాలు.

ఫోను చెయ్యమంటావు. ఫోనులో నువ్వు మాట్లాడితే నాకు సగమే వినపడుతుంది. ఆ సగం కూడా నువ్వు నవ్వడమే. ఉత్తరమైతే వేలు పెట్టి ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు. బళ్లో నేను చదివింది రెండేళ్లు. మిగతా అక్షరాలు వ్యాగన్ల మీద రాసినవి చూసి నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ నా చేతికి లొంగవు. తప్పులుంటే నీలో నువ్వే నవ్వుకో, నాకు రాయకు.

ఇక నువ్వు అడిగిన సంగతి. నీ స్నేహితులతో కలిసి నా ప్లేటు పాట మళ్లీ పాడి రికార్డు చేస్తానంటున్నావు. పాడుకో, నాకేం అభ్యంతరం? రైలు పట్టాలు మోసే గ్యాంగుల్లో, పాటతో పని నడిపించే కూత మేస్త్రీలు ఎంతమంది లేరు? గ్రామఫోను ప్లేటు మీదకి ఎక్కిన గొంతు మాత్రం నాదొక్కటే. నలభై ఏళ్ల కిందట పాటలు పోగుచేసే ఆఫీసరు పట్టాల పక్కన కంకర మీద నడుచుకుంటూ వెతుక్కుని వచ్చింది నన్నే. పదహారు మంది నా కూత మీద పట్టా ఎత్తేవారు, నా కూత మీద దించేవారు. రేడియోలో వచ్చింది. టీ దుకాణాల్లో వేశారు.

ఒక్కటే షరతు. ప్లేటులో ఎలా ఉందో అలాగే పాడు. ఒక్క ముక్క మార్చకు.

మీ నాన్న చెయ్యి చలికి ఇంకా లాగుతోందా? వాడు నాకు రాయడు, నేనూ వాడికి రాయను. అందుకని నిన్ను అడుగుతున్నాను. పట్టా కింద పోయిన వేళ్లు లేకపోయినా లాగుతాయని ఎవరో అన్నారు.

గొంతు ఇంకా పోని,
మీ పెదనాన్న


ఫిబ్రవరి 27

పెదనాన్నా,

పాట అయిపోయింది! మా స్నేహితుల్లో లెక్కల టీచరు ఒకాయన ఉన్నాడు, ఆయన ఇంట్లో కిటికీలకి దుప్పట్లు కట్టి పాడాం. ఆయన గిటారు, మా ఎలక్ట్రీషియను డ్రమ్ము, నేను గొంతు. ఎదురింటి కుక్క నాలుగుసార్లు చెడగొట్టింది. పదకొండోసారికి కుదిరింది.

ఫోన్లలో పెట్టి పది రోజులు కాలేదు, వ్యాన్లవాళ్లు వేసుకుని తిరుగుతున్నారు. నిన్న ఒకాయన కుర్చీలో పడుకుని, నోరు తెరిచిపెట్టుకుని ఆ పాటే కూనిరాగం తీశాడు. "అది మా అమ్మాయి పాడిందేనండీ" అని డాక్టరమ్మ గొప్పగా చెప్పింది. వెంటనే నావైపు తిరిగి, "ముందు ఆ దూది పట్టుకో" అంది. అదీ నా వైభవం.

ఎవరో నీ ప్లేటు కూడా వెతికి ఫోన్లలో పెట్టారు. జనం రెండూ పోల్చుకుని వింటున్నారట.

చిన్న మార్పు ఒకటి చేశాం. విన్నాక తిట్టు. ముందే తిట్టకు.

నీ పాట ఎత్తుకుపోయిన,
పిట్ట


మార్చి 12

పిట్టకి,

విన్నాను. మా వీధి చివర క్షవరం దుకాణంలో, నా ముఖం సగం సబ్బు నురగతో ఉండగా వేశాడు దుకాణమాయన.

"దించరో దించు, నేలకి దించు" అన్నావు. ఆగావు. దుకాణంలో ఉన్నవాళ్లంతా ఆగారు. కత్తి నా గొంతు దగ్గర ఆగింది. తర్వాత "వదలరో వదులు" అన్నావు. అప్పుడు అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

"తాతా, కోపం తెచ్చుకోకు" అన్నాడు దుకాణమాయన. "నీదీ విన్నాను. వెనక కుక్క తరుముతున్నట్టు పాడావు. ఈ అమ్మాయి పాడుతుంటే నా భుజం మీద బరువు తెలిసింది."

బెంచీ మీద కూర్చున్న పోస్టాయన ఊరుకోవచ్చుగా! "కొన్ని పాటలు అంతేనండీ. మొదట పాడినవాడికి అది ఏం పాటో తెలియదు. తర్వాత పాడినవాళ్లకి తెలుస్తుంది" అన్నాడు.

సగం గడ్డంతోనే లేచి వచ్చేశాను. కోపంతో అనుకుంటావేమో. కాదు.

అక్కడ ఆగమని నీకు ఎవరు చెప్పారు? ప్లేటులో ఆ ఖాళీ లేదు. ప్లేటులో ఉన్నట్టే పాడమన్నాను కదా! ఆ ఖాళీ తీసెయ్యి. మళ్లీ కలిపి పాడి, ఇది తీసేసి అది పెట్టు. ఎవరు చెప్పారో మాత్రం వెంటనే రాయి.

పెదనాన్న


మార్చి 20

పెదనాన్నా,

తిట్టమన్నాను గానీ మరీ ఇంతలా అనుకోలేదు. తీసెయ్యమంటే అది గోడ మీది పటం కాదు, ఎన్ని వేలమంది ఫోన్లలోకి వెళ్లిపోయిందో. అయినా జనానికి నచ్చింది ఆ ఖాళీయే. అక్కడికి వచ్చేసరికి అందరూ మాటలు ఆపేస్తున్నారు. మా ఎలక్ట్రీషియను అయితే, "నా డ్రమ్ము కంటే నీ మౌనానికే ఎక్కువ పేరొచ్చింది" అని అలిగాడు.

చెప్పింది నాన్న. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ప్లేటు పెట్టుకుని నేర్చుకుంటున్నాను. నాన్న వెనక నుంచి వచ్చి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఇక్కడ ఆగు" అన్నాడు. ఎంతసేపు అంటే, "ఒక్క ఊపిరి సేపు. లోపల లెక్కపెట్టుకో" అన్నాడు. ఎందుకు అంటే చెప్పలేదు. నాన్న పాటల గురించి నోరు విప్పడం నా జన్మలో అదే మొదటిసారి.

ఇంకో కబురు. ఏప్రిల్ ఇరవైన ఇక్కడి రైలు కార్మికుల హాల్లో సభ. ముందు నీ ప్లేటు, వెంటనే నా పాట వేస్తారు. నిన్ను వేదిక మీద కూర్చోబెడతారు. మీ పాత గ్యాంగులో ఇంకా ఐదుగురు ఉన్నారట, వాళ్లనీ పిలిచారు. నాన్న కూడా వస్తానన్నాడు, అదీ ముందు వరసలో! ఇక నువ్వు రానంటే ఊరుకోను.

పిట్ట


మార్చి 25

పిట్టకి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో తెలియదు. బల్ల సంగతి ఉన్నచోట కాగితం మెత్తబడింది.

సభకి నేను రాను. నాకు జ్వరమని చెప్పు. జ్వరం లేదు, కానీ చెప్పు. ప్లేటు వెయ్యొద్దు. నీ పాట ఒక్కటే వేసుకోమను. రెండూ పక్కపక్కన వెయ్యనే వద్దు. ఇది నీ పెదనాన్న మాట.

అడిగినవాటికి సరిగ్గా జవాబు రాయి. మీ నాన్న బల్ల కొట్టినప్పుడు ముఖం ఎలా ఉంది? ఒక్కసారే కొట్టాడా, ఆ మాట వచ్చినప్పుడల్లా కొట్టాడా? నా మాట ఎత్తాడా? ఏ చేత్తో కొట్టాడు?

ఆ ఖాళీ ఊపిరి పీల్చుకోడానికి కాదు. అది ఎందుకో నాకు తెలుసు. ఆ ఐదుగురికీ తెలుసు. మీ నాన్నకీ తెలుసు. వినగానే ప్లేటులో అది లేదని వాళ్లకి తెలిసిపోతుంది.

నేను ఉండేది టైర్ల దుకాణం పైగది. కింద దుకాణమాయన పొద్దుట షట్టరు ఎత్తగానే నీ పాట వేస్తాడు. గాలి కొడుతూ తనూ పాడతాడు. ఖాళీ వచ్చేసరికి గాలి పంపు కూడా ఆపేస్తాడు. అప్పుడు నేను రెండు చెవులూ మూసుకుని మంచం మీద కూర్చుంటాను. మూసుకుంటే ఇంకా ఎక్కువ వినపడుతోంది. నీ గొంతు కాదు, వేరేది.

భయంగా ఉంది, పిట్టా. రైలు కట్ట మీద పాము కనపడినా అడుగు వెనక్కి వెయ్యనివాణ్ని, ఇప్పుడు మెట్ల మీద పోస్టాయన చెప్పుల చప్పుడు వింటే గోడ దాకా వెనక్కి జరుగుతున్నాను.

పెదనాన్న


ఏప్రిల్ 1

పెదనాన్నకి,

ఒకటికి రెండుసార్లు ఆలోచించే రాస్తున్నాను. నాకు బాధగా ఉంది.

నీ ప్లేటు నలభై ఏళ్లుగా అట్టపెట్టెలో పడుంది. దాన్ని బయటికి తీసి, ఇది మా పెదనాన్న పాట అని పదిమందికీ చెప్పుకున్నది నేను. ఇప్పుడు నాది బాగుందని ఎవరో అంటే నీకు కష్టమైంది. అంతేగా? సొంత తమ్ముడి కూతురి మీద ఈర్ష్య ఏమిటి పెదనాన్నా? ఆ ఖాళీకి ఏదో పెద్ద రహస్యం ఉన్నట్టు రాయడం ఎందుకు, నాకు కుళ్లుగా ఉందని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా.

నీ ప్రశ్నలకి జవాబులు. నాన్న కుడిచేత్తో కొట్టాడు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలిన చెయ్యి. ఆ మాట వచ్చిన ప్రతిసారీ కొట్టాడు. ముఖం ఎలా ఉందో నేను చూడలేదు, నా వెనక ఉన్నాడు.

ప్లేటు వెయ్యొద్దని నువ్వు రాశావని చెప్పాను. నాన్న చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టి, "వెయ్యాలి. ముందు అన్నయ్యదే వెయ్యాలి. అందరూ వినాలి" అన్నాడు. నాన్న అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. కాబట్టి వేస్తారు.

జ్వరమని నేను అబద్ధం చెప్పను.

పిట్ట


ఏప్రిల్ 6

పిట్టకి,

నీ పాట నా పాట కంటే బాగుంది. ఈ ఒక్క మాట రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కుళ్లుతో కాదు. అది ఎందుకు బాగుందో రాస్తే మిగతాదంతా రాయాలి, అందుకని.

అప్పట్లో పట్టకారులు అందరికీ ఉండేవి కావు. సగం మంది ఉత్త చేతులే పట్టా కింద పెట్టి మోసేవారు. స్లీపరు దుంగల దగ్గరకి తెచ్చాక "దించరో దించు" అని నేను కూత పెట్టాలి. పట్టా జానెడు ఎత్తుకి వస్తుంది. అప్పుడు నేను ఒక్క ఊపిరి సేపు ఆగాలి. ఆ ఊపిరిలో అందరూ కింద ఉన్న వేళ్లు పక్కకి తెచ్చుకుని పట్టాని పక్కల నుంచి పట్టుకుంటారు. తర్వాత నేను "వదలరో వదులు" అంటే అందరూ ఒక్కసారి వదులుతారు. ఆ ఖాళీ ఉన్నది వేళ్ల కోసం. మా నాన్న నాకు కూత నేర్పినప్పుడు పాట తప్పినా కొట్టలేదు, ఖాళీ తప్పితే కొట్టాడు.

ఆఫీసరు నన్ను గదిలో కూర్చోబెట్టి పాడించాడు. ఖాళీతోనే పాడాను. మిషను దగ్గర ఉన్నాయన అద్దం వెనక నుంచి చెయ్యి ఊపాడు. "మధ్యలో ఈ మౌనం ఏమిటయ్యా? వినేవాడు ప్లేటు చెడిపోయిందనుకుంటాడు. ఉన్నదే మూడు నిమిషాల చోటు. కలిపి పాడు" అన్నాడు. ఆ గదిలో పట్టా లేదు, చేతులు లేవు. కలిపి పాడాను.

ప్లేటు వచ్చింది. నా గొంతు నేనే విన్నాను. నచ్చింది, పిట్టా. గుర్రంలా పరుగెత్తుతోంది అనుకున్నాను. రేడియోవాళ్లు మెచ్చుకున్నారు. ఆ తర్వాత పని మీద కూడా నేను ప్లేటులోలా పరుగెత్తించడం మొదలుపెట్టాను, ఊపిరి సేపు ఉండే ఖాళీ రెప్పపాటు అయిపోయింది. మనవాళ్లకీ హుషారుగా ఉండేది. వేళ్లు గబగబా లాక్కునేవారు. ఒకాయన "మేస్త్రీ, కొంచెం నిదానం" అన్నాడు. "ప్లేటు మీద నువ్వున్నావా, నేనున్నానా?" అన్నాను. అందరూ నవ్వారు. మీ నాన్నే ఎక్కువ నవ్వాడు.

పద్దెనిమిది రోజులు ఏమీ కాలేదు. పంతొమ్మిదో రోజు సన్నగా తుంపర పడుతోంది. పట్టా తడిసి జారుతోంది. నేను ఆ రెప్పపాటు కూడా ఇవ్వకుండా, అచ్చం ప్లేటులోలాగే దించు, వదులు కలిపేశాను. పదిహేను మంది వదిలారు. మీ నాన్న చెయ్యి ఇంకా కిందే ఉంది.

వాడు ఆసుపత్రిలో ఉండగానే విచారణ పెట్టారు. ఇంజినీరు అడిగాడు: "ఖాళీ ఇచ్చావా?" ఇచ్చాను అన్నాను. "మరి అతని చెయ్యి పట్టా కింద ఎందుకుంది?" వాడు ఆలస్యం చేశాడు అన్నాను. నోరు తడబడలేదు కూడా. పదిహేను మంది నేల చూశారు. మేస్త్రీని నేను. ఎవరూ నోరు విప్పలేదు. అజాగ్రత్త అని కాగితం మీద రాసి వాణ్ని పని నుంచి తీసేశారు. అప్పటికి నీకు పదకొండు నెలలు. మీ అమ్మ నిన్ను చంకన వేసుకుని, ఒక పెట్టెతో, వాడి వెనక నడిచి వెళ్లింది. నేను నీళ్ల ట్యాంకు వెనక నిలబడి చూశాను. ఎదురుపడలేదు.

నాకు తప్ప ఎవరికీ గుర్తులేదనుకుని ఇన్నేళ్లు గడిపాను. వాడు బల్ల కొట్టాడని రాసిన రోజు నాకు అర్థమైంది, వాడికి అంతా తెలుసు. ముందు అన్నయ్యదే వెయ్యాలి, అందరూ వినాలి అన్నాడు చూడు, అప్పుడు ఇంకా బాగా అర్థమైంది. ప్లేటే వాడి సాక్షి. ఆ ఐదుగురి ముందు, నన్ను వేదిక మీద కూర్చోబెట్టి వినిపిస్తాడు. అడగడానికి వాడికి హక్కు ఉంది. కానీ ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాదు.

ఇది మీ నాన్నకి చదివి వినిపిస్తావో, పొయ్యిలో పడేస్తావో నీ ఇష్టం. ఏం చేసినా నాకు రాయి. తిట్టినా రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

మీ పెదనాన్న


ఏప్రిల్ 11

పెదనాన్నా,

నాన్నకి తెలియదు.

ఉత్తరం మొదట నేనొక్కదాన్నే చదివాను. రెండు రోజులు బ్యాగులో పెట్టుకు తిరిగాను. డాక్టరమ్మ ఒక పరికరం అడిగితే ఇంకోటి ఇచ్చాను. చివరికి నాన్నే, "అన్నయ్య ఏం రాశాడు, వస్తున్నాడా?" అని అడిగాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చదివాను.

తుంపర పడిన రోజు దాకా కదలకుండా విన్నాడు. నువ్వు ఖాళీ ఇవ్వకుండా కలిపేశానన్న చోట "మళ్లీ చదువు" అన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు.

నాన్న ఏమనుకున్నాడో తెలుసా? ప్లేటులో ఖాళీ లేకపోవడం మిషనువాళ్లు కోసెయ్యడం వల్ల అనుకున్నాడు. "మా అన్నయ్య ఎంత తొందరలోనూ అలా కలిపెయ్యడు. వాళ్లు కోసేశారు. నువ్వు సరిగ్గా పాడు, అన్నయ్య పాడినట్టు పాడు" అనుకునే నా చేత ఆపించాడట. ముందు నీది వెయ్యాలి అన్నదీ నీ మీద గౌరవంతోనే. మొదట నువ్వు, తర్వాత నేను. అంతే.

తుంపరలో కూడా నువ్వు రోజూలాగే ఆ రెప్పపాటు ఖాళీ ఇచ్చే ఉంటావు, తానే పరధ్యానంలో ఉండి వినలేదు అనుకున్నాడు. తన వల్ల నీ గ్యాంగుకి మచ్చ వచ్చిందని, నీకు ముఖం చూపించలేక ఉత్తరం కూడా రాయలేదట. మా ఇంట్లో ఎవరు ఏ పనికి ఆలస్యమైనా నాన్న ఒక్క మాట అనేవాడు కాదు. తలొంచుకుని పక్కకి వెళ్లిపోయేవాడు. ఎందుకో మాకు తెలిసేది కాదు. అమ్మ పోయేముందు కూడా ఆవిడతో, "ఆ రోజు నేను కాస్త జాగ్రత్తగా ఉండుంటే నీకు ఇన్ని కష్టాలు ఉండేవి కావు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

మొత్తం చదివాక నాన్న తన చెయ్యి బల్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు.

"అయితే నేను ఆలస్యం చెయ్యలేదా?" అన్నాడు.

"లేదు నాన్నా" అన్నాను.

మళ్లీ అదే అడిగాడు. ఆ సాయంత్రంలోపు ఐదుసార్లు అడిగాడు. ప్రతిసారీ లేదు అన్నాను. నిన్న పొద్దున షేవింగు చేసుకుంటూ అద్దంలోకి చూసి తనలో తనే అనుకున్నాడు, "నేను ఆలస్యం చెయ్యలేదు" అని.

నిన్ను ఒక్క మాట తిట్టలేదు. తిడితే నాకు తేలిగ్గా ఉండేది. ఇందాకే పిలిచి ఇది రాయమన్నాడు. నాన్న అన్నది అన్నట్టే రాస్తున్నాను: "అన్నయ్యని రమ్మను. పిల్లకి ఉత్తరం రాస్తే చెల్లదు. ఆ ఐదుగురి ముందు మైకులో చెప్పాలి. నేను వినాలి. తర్వాత సంగతి తర్వాత."

నీకు నా మీద ఈర్ష్య అని రాసినందుకు క్షమించమని అడగాలి. ఇప్పుడు అడగలేను. ఇంకొన్నాళ్లు పోనీ.

పిట్ట


ఏప్రిల్ 15

పిట్టకి,

వస్తున్నాను. పంతొమ్మిదిన మధ్యాహ్నం బస్సు. మీ ఇంటికి రాను, హాలు దగ్గర ఏదో ఒక గది చూసుకుంటాను. ఎదురు రావద్దు.

వాడికి తెలుసని భయపడ్డాను. తెలియదని చదివాక ఆ భయం పోయి ఇంతకంటే పెద్దది వచ్చింది. వాడు నా మీద కోపంతో బతికాడనుకున్నాను. తన మీద తనే కోపంతో బతికాడని నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. మీ అమ్మ సంగతి నువ్వు రాసింది ఒక్కసారే చదివాను. రెండోసారి చదవలేకపోయాను.

మైకులో ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. నాలుగే మాటలు. నేను ఖాళీ ఇవ్వలేదు. ఇచ్చానని అబద్ధం చెప్పాను. వాడు ఆలస్యం చెయ్యలేదు. విచారణ కాగితం మీద రాసింది తప్పు. గదిలో తలుపేసుకుని పైకి అని చూశాను. రెండో మాట దగ్గర ఆగిపోయాను. పదహారు మందిని లేపిన గొంతు ఇది. కింద నుంచి టైర్ల దుకాణమాయన "ఎవరితో తాతా పోట్లాట?" అని అరిచాడు. "నీతో కాదులే" అన్నాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఇప్పటికి మూడో మాట దాకా వస్తున్నాను. ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

హాలువాళ్లకి ఒక మాట చెప్పు. పాటలు వెయ్యకముందే నన్ను మాట్లాడనివ్వాలి. నా మాట అయ్యాక ప్లేటు వెయ్యమను, అప్పుడు అందరికీ అది ఏమిటో తెలుస్తుంది. దాని తర్వాత నీది వెయ్యమను. ఆ పాట అలా ఉండాలి.

వేదిక మీద నాకు కుర్చీ వద్దు. మీ నాన్న పక్కన ఖాళీ ఉంటే, ముందు వాణ్ని అడుగు. సరేనంటే కూర్చుంటాను. వద్దంటే నిలబడే ఉంటాను.

పెదనాన్న